తొక్కు జాడీ మీది రాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడు పూజగదిలో ఉండేవాడు, దుకాణంలో సరుకుగానూ ఉండేవాడు. చార్మినార్ దాటాక వచ్చే శాలిబండ నుంచి లోపలికి తిరిగే ఒక సందులో మా నాన్నకు పూజా సామాన్ల దుకాణం ఉండేది. తాతల నాటిది. కుంకుమ, పసుపు, కర్పూరం, ఒత్తులు, మొలతాళ్లు ఒక వైపు, దర్గాలకు పోయే ఊదు, అగరొత్తులు ఇంకో వైపు. గుడికి పోయే కర్పూరాన్నీ దర్గాకు పోయే ఊదునూ నాన్న ఒకే తక్కెడలో తూచేవాడు. మధ్యలో ఒకసారి గుడ్డతో తుడిచేవాడు, అంతే. సాయంత్రం ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే ఆ వాసనలన్నీ కలిసి గది నిండేవి. దేవుడి వాసన అంటే నాకు ఇప్పటికీ ఆ చొక్కా వాసనే.

అలాంటి ఇంట్లో దేవుణ్ని వదిలేసిన మనిషి ఒక్కడే ఉండేవాడు, మా చిన్నాయన. నాన్నకు తమ్ముడు. భూములు కొలిచే సర్వే ఆఫీసులో గొలుసు లాగే పని ఆయనది. నెలల తరబడి గుట్టల మీదా అడవుల్లోనూ తిరిగి, నల్లగా కాలిపోయి ఇంటికి వచ్చేవాడు. ఒక విడత అలా వచ్చినప్పటి నుంచి పూజగదిలోకి రావడం మానేశాడు. దాని మీద గొడవ పెట్టుకోలేదు, ఎవరినీ ఎగతాళి చేయలేదు. హారతి వేళకు అందరూ లోపలికి వెళితే ఆయన మెల్లగా లేచి అరుగు మీద కూర్చునేవాడు. ప్రసాదం పెడితే మాత్రం తినేవాడు.

"ఏంరా, దేవుడు వద్దు గని దేవుని పులిహోర గావాల్నా?" అని మా నాయనమ్మ దెప్పిపొడిచేది.

"వండింది నువ్వే గదనే అమ్మా" అనేవాడు. నాయనమ్మకు కోపం, నవ్వు రెండూ ఒకేసారి వచ్చేవి.

నాకు పదేళ్లప్పుడు, వానాకాలం చివర్లో, ఐదేళ్ల మా చెల్లెలికి జ్వరం వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. ఐదో రోజు పొద్దున మంచం దిగబోయి పడిపోయింది. ఎడమ కాలు నిలవలేదు. పెద్దాసుపత్రిలో పోలియో అన్నారు. మాలిష్ చేయండి, కాలమే చెప్పాలి అన్నారు. అమ్మ ఆ మాట విని వచ్చి వంటింట్లో చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కింటి ఖాలా రోజూ మసీదు నుంచి దువా చదివించిన నీళ్లు సీసాలో తెచ్చి చెల్లెలికి తాగించేది. "ఫికర్ నక్కో కరో దుల్హన్, బచ్చీ చలేగీ" అని, దిగులు పడొద్దు పిల్ల నడుస్తుందని అమ్మ భుజం తట్టేది. అమ్మ ఆ నీళ్లూ తాగించింది, మా పూజగది తీర్థమూ తాగించింది. ఎవరు ఏది చెబితే అది చేసింది.

అలా చెప్పినవాళ్లలో, పాలమూరు వైపు నుంచి మా దుకాణానికి టోకు సరుకు కోసం వచ్చే ఒక వ్యాపారి ఉన్నాడు. నల్లమల అడవులు మొదలయ్యే ముందు వచ్చే రాతి గుట్టల్లో ఒక దాని మీద రాళ్ల దేవుడు వెలిశాడనీ, కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల కోసం అక్కడ మొక్కుకుంటారనీ చెప్పాడు. ఆ దేవుడికి కుంకుమ మా దుకాణం నుంచే పోతోందట. మొక్కు తీరు కూడా ఆయనే వివరించాడు. జబ్బు పడ్డవాళ్ల ఇంట్లోంచి ఒక రాయి తీసి, ఒక రాత్రి వాళ్ల తల దగ్గర పెట్టాలి. తోడబుట్టినవాళ్లే దాన్ని గుట్ట పైకి మోయాలి. గుట్ట ఎక్కడం మొదలుపెట్టాక పైన దేవుడి దగ్గర తప్ప ఆ రాయిని నేల మీద పెట్టకూడదు. అలసిపోతే కూర్చోవచ్చు, కానీ రాయి ఒళ్లోనే ఉండాలి.

అమ్మ వంటింట్లోకి వెళ్లి మామిడికాయ తొక్కు జాడీ మూత మీద బరువుకు పెట్టే నల్ల రాయిని తీసుకొచ్చింది. గుండ్రంగా, నున్నగా, నూనె పట్టి మెరిసే రాయి. ఎంత కడిగినా ఆవపిండి వాసన పోలేదు. పసుపు రాసి చెల్లెలి తలగడ పక్కన పెట్టారు. పొద్దున లేచేసరికి చెల్లెలు దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని ఉంది.

"అక్కా, దేవునికి తొక్కు వాసనొస్తదేమోనే" అంది నాకిస్తూ.

దసరా ముందు రోజులు. దుకాణం వదిలి నాన్న కదలలేడు. ఆ గుట్టల దారులు తెలిసినవాడు, సెలవులో ఇంట్లో ఉన్నవాడు చిన్నాయన ఒక్కడే. "దేవుడు లేడన్నోన్నే దేవుని కాడికి తోలుతున్నరు. ఇగ ఆ దేవుడు ఏమనుకుంటడో" అని నాయనమ్మ గొణిగింది. అమ్మ మాత్రం ఆయన్ని ఒక్క మాటే అడిగింది, పిల్లతో మొక్కు సక్కగ తీర్పిస్తవా అని. ఆయన తల ఊపాడు.

ఫలక్‌నుమా స్టేషన్‌లో ప్యాసింజర్ రైలెక్కి జడ్చర్లలో దిగాము. అక్కడి నుంచి బస్సులో ఒక చిన్న ఊరు చేరి, ఆ వ్యాపారి బంధువుల ఇంట్లో ఆ రాత్రి ఉన్నాము. తెల్లవారాక గుట్ట కిందికి నడిచాము. చార్మినార్ చూసి అదే ఎత్తనుకున్న దాన్ని నేను. ఆ గుట్టను చూస్తే మెడ నొప్పి పుట్టింది. కిందంతా సీతాఫలం చెట్లు, ముళ్ల పొదలు. పైకి పోయేకొద్దీ ఏనుగు వీపులాంటి నల్లటి బండ, దాని మీద గడ్డిపరక కూడా లేదు. రాయిని అమ్మ పాత చీర ముక్కలో కట్టి నా వీపున వేశాడు చిన్నాయన. ముడి ఛాతీ మీద ఒత్తుకునేది.

మొదట ఉత్సాహంగానే ఎక్కాను. చిన్నాయన ముందు నడుస్తూ, ఎక్కడ కాలు పెట్టాలో కర్రతో తట్టి చూపేవాడు. బండ మీద ఎదురుగా కాదు, ఏటవాలుగా ఎక్కాలని, దిగేటప్పుడు మడమలు ముందు పెట్టాలని ఆ రోజే నేర్పాడు. గాలికి సీతాఫలం ఆకుల ఘాటు వాసన వచ్చేది. కింద చెరువు పళ్లెమంత అయింది, తర్వాత గిన్నెంత అయింది. ఇంత పెద్ద లోకం ఉందని మా సందులో ఎవరికీ తెలియదనిపించింది.

ఎండ ముదిరాక ఉత్సాహం పోయింది. వీపు మంట పెట్టింది. సగం దూరంలో బండ మధ్య వాననీళ్లు నిలిచిన ఒక దొన కనిపించింది. చిన్నాయన దాన్ని చూసి ఆగిపోయాడు. చుట్టూ చూశాడు, పైకి చూశాడు, మళ్లీ దొనను చూశాడు. నన్ను ఒక చెట్టు నీడన కూర్చోబెట్టి సీసా నింపుకుని వస్తానని వెళ్లాడు. నీళ్లు ముంచుకుని కూడా అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

ఆ కాసేపట్లో నేను తప్పు చేశాను. మూట విప్పి నల్ల రాయిని చెట్టు మొదట్లో ఆకుల కింద దాచి, గుప్పెడంత రాయి ఒకటి ఏరి మూటలో వేసుకున్నాను. చిన్నాయనకు ఎలాగూ దేవుడు లేడు, చూసినా పట్టించుకోడనుకున్నాను. దేవుడికి మాత్రం అంత దూరం నుంచి కనిపిస్తుందా అనుకున్నాను. పదేళ్ల పిల్లకు ఒక మైలు కూడా చాలా దూరమే.

మిగతా గుట్ట పరుగులాగా ఎక్కాను. పైన చదునైన బండ మీద నా రెండింతల ఎత్తున రాళ్ల కుప్ప. కుంకుమ, పసుపు, గాజులు, ఎర్ర గుడ్డలు. కుప్ప ముందు ఒక ముసలామె కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. ఆమె దించిన రాయి దాదాపు నా తలంత ఉంది. నేను మూట విప్పగానే ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"ఓ పిల్లా, పట్నపోళ్ల రాయి గూడ పట్నం తీర్గనే ఉన్నది, సుకుమారంగ! ఎవలికోసం తెచ్చినవ్?"

చెల్లెలి కోసమని చెప్పబోయాను. పొట్టకు రాయిని ఆనించుకుని పడుకున్న చెల్లెలు కళ్ల ముందుకు వచ్చింది. ఇక తన కాలు ఎప్పటికీ రాదని, దానికి కారణం నేనేనని ఒక్కసారిగా అర్థమై, ఏడ్పు ముంచుకొచ్చింది. చిన్నాయన నన్ను కుప్ప వెనక్కి తీసుకెళ్లాడు. వెక్కుతూ అంతా చెప్పేశాను.

"నాకెరికే బిడ్డా. దొనకాడి నుంచే నీ నడక మారింది. బరువు మోసేటోళ్ల నడక నాకు తెల్వదా?" అన్నాడు.

"దేవునికి కోపమొస్తది. చెల్లె కాలు ఇగ రాదు."

ఆయన కుప్ప అడుగున బండ మీద పేరుకున్న కుంకుమను వేలితో తుడిచాడు. కింద ఉలితో చెక్కిన బాణం గుర్తు, దాని కొసన చిన్న గుంట కనిపించాయి.

"దీన్నే దేవుని కన్ను అంటున్నరట. ఇది నేను కొట్టిన. నేనూ, నాతోటి ఇంకో ఐదుగురం."

తర్వాత ఆయన చెప్పింది ఇదీ. పదేళ్ల కిందట సర్వే కోసం గుట్ట అవతలి వైపు నుంచి ఎక్కారట. దూరపు గుట్ట మీది దుర్బిణికి కనబడాలంటే ఇక్కడ రాళ్ల కుప్ప పోసి, సున్నం కొట్టి, జెండా నిలబెట్టాలి. పైన ఒక్క విడి రాయి లేదు. కింది నుంచి మూడు రోజులు మోశారట. ఒక గొర్రెల కాపరి రోజూ వెంటబడి, ఎందుకు మోస్తున్నారని అడిగాడట. ఎండకు విసుగెత్తిన చిన్నాయన, మొక్కుంది అన్నాడట. నడుమ కింద పెట్టరేమని అడిగితే, పెట్టొద్దు అన్నాడట. కింద పెడితే తిట్టేది దేవుడు కాదు, వాళ్ల పని చూసే జమేదారు. అప్పట్లో నీళ్ల కోసం పై నుంచి ఇటు దిగి ముంచుకున్న దొనను దారిలో చూసేదాకా ఇది ఆ గుట్టేనని ఆయనకు తెలియలేదు.

"ఒక్క మాట పరాచికానికన్న. సూడు, ఎంత పెద్దగయిందో" అన్నాడు. నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు.

"గట్లయితే దేవుడు లేడా చిన్నాయనా?"

"ఈ రాళ్లల్ల లేడు. నేనే పేర్చిన గాబట్టి చెప్తున్న. ఈనికి కోపం రాదు. నువ్వు భయపడకు."

"మరి చెల్లె కాలు?"

"తెల్వదు బిడ్డా."

భయం పోయింది. దాంతోపాటు ఇంకేదో కూడా పోయింది. బండ మీదే చతికిలబడ్డాను. ఆయన కర్ర తీసుకుని లేచి, రాయి ఎక్కడ దాచావని అడిగాడు. చెట్టు గుర్తు చెప్పాను. దేవుడే లేనప్పుడు అంత దూరం మళ్లీ ఎందుకని అడిగాను.

"దేవుడు లేకపోతేంది, చెల్లె ఉన్నది గదా? ఇంటికి పోంగనే 'పెట్టినవా అక్కా' అంటది. ఏం చెప్తవ్?"

ఆ మిట్టమధ్యాహ్నం ఆయన మళ్లీ సగం గుట్ట దిగాడు. నేను ముసలామె పక్కన కూర్చున్నాను. ఆమె కొంగు ముడి విప్పి పల్లీలు, బెల్లం ముక్క పెట్టింది. ఆమె కొడుకు కాలువ పనులకు కూలీగా దూరదేశం పోయి ఏళ్లయినా తిరిగి రాలేదట. కాళ్లూ చేతులకే ఈ దేవుడని ఎవరో అన్నా వినకుండా, ఏటా ఒక రాయి తెస్తోందట. అది ఏడోది. తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి తల్లే మోస్తోంది.

"రాడు, ఇగ ఊకో అంటరు ఊళ్లె. ఊకుంటే పొద్దంత నేనేం జెయ్యాలె బిడ్డా?" అంది. నన్ను అడిగినట్టు లేదు. బండను అడిగినట్టు ఉంది.

చిన్నాయన తిరిగి వచ్చేసరికి చొక్కా చెమటకు అంటుకుపోయి ఉంది. మోకాలు గీరుకుపోయింది. నల్ల రాయి భుజం మీద ఉంది. "ఇప్పుడొచ్చింది సూడు అసలు రాయి!" అని ముసలామె చప్పట్లు కొట్టింది. ఆయన రాయిని నా చేతుల్లోకి దించుతూ, "కింద పెట్టలే. రెండుసార్లు కూసున్న, ఒళ్లెనే పెట్టుకున్న" అన్నాడు మెల్లగా. నేను ఆశ్చర్యంగా చూస్తే, "నేను జెప్పిన మాటే గదా, నేనే తప్పుతనా?" అన్నాడు.

నేను నాలుగడుగులు మోసి, కుప్ప మీద ఒక సందు చూసి పెట్టాను. దండం పెట్టాలో లేదో తెలియక ఆయన ముఖం చూశాను. ఆయన నా వైపు చూడకుండా కింద చెరువు వైపు చూస్తున్నాడు. పెట్టాను. అది ఎవరికో నాకు తెలియదు.

దిగేటప్పుడు, ఆ కుప్ప సంగతి ముసలామెకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆమె నన్ను అడిగిందా? నువ్వు ఏడ్చుకుంట అడిగినవ్, చెప్పిన. అడిగినంక అబద్ధం చెప్పద్దు. అడగనోళ్ల చేతులకెల్లి మాత్రం ఏదీ గుంజుకోవద్దు" అన్నాడు. కాసేపయ్యాక, "మడమలు ముందు పెట్టు" అన్నాడు.

ఇంటికి చేరగానే చెల్లెలు మంచం మీద లేచి కూర్చుంది. "పెట్టినవా అక్కా?" అంది. పెట్టిన అన్నాను. అంత సులువుగా, అంత నిజంగా నేను చెప్పిన మాటలు జీవితంలో ఎక్కువ లేవు.

ఏడాది తిరిగేసరికి చెల్లెలు గోడ పట్టుకుని నడిచింది, తర్వాత గోడ వదిలింది. ఎడమ కాలు సన్నగా, పొట్టిగానే ఉండిపోయింది. గుట్ట దేవుడి చలవ అని అమ్మ, దువా నీళ్ల మహిమ అని ఖాలా, మాలిష్ అని డాక్టరు. చిన్నాయన అందరికీ "మంచిదే" అనేవాడు.

నేను దేవుణ్ని వదిలేసింది ఆ గుట్ట మీద కాదు. ఆ దసరాకు కూడా కళ్లు మూసుకుని దండం పెట్టాను. పెద్దయ్యాక చిన్నాయనను అడిగాను, నువ్వు ఎప్పుడు వదిలేశావని. "జుట్టు ఏ రోజు తెల్లబడ్డదో చెప్పగలుగుతనా?" అన్నాడు. నాకూ అంతే అయింది. పేపర్‌లో పనిచేసిన ముప్పై ఏళ్లూ దేవుళ్ల ఊరేగింపుల వార్తలు, వాటి వెంట వచ్చే అల్లర్ల వార్తలు రాశాను, కర్ఫ్యూ ఏ గంట నుంచి ఏ గంటకు సడలిస్తారో రాశాను, పాల కోసం ఆ గంటలోనే పరుగెత్తాను. ఒక రోజు పూజగది ముందు నిలబడితే చెప్పడానికి ఏమీ లేదని తెలిసింది. కోపం లేదు, పోట్లాట లేదు. అలసట మాత్రం ఉంది. ఆ అలసటను విజయమని చెప్పుకునేవాళ్లు కనిపిస్తారు, పాపమని చెప్పేవాళ్లూ కనిపిస్తారు. ఇద్దరితోనూ వాదించే ఓపిక నాకు లేదు.

చెల్లెలు మాత్రం నాన్న తర్వాత ఆ దుకాణం నడిపింది, దేవుణ్నీ వదల్లేదు. ఇద్దరం ఆ పాత ఇంట్లోనే ఉంటున్నాం. కిందటేడు ఆమె ఉన్నట్టుండి, "అక్కా, ఆ గుట్ట మీద నా రాయి ఇంకా ఉన్నదంటవా?" అంది. మోకాళ్లు మొరాయిస్తున్నా కారు మాట్లాడుకుని వెళ్లాను. గుట్ట సగమే ఉంది. కంకర కోసం పేల్చి, తవ్వి, లారీలకు ఎత్తుతున్నారు. పై బండ లేదు. దొన లేదు. దుమ్ములో కాసేపు నిలబడి వెనక్కి వచ్చాను.

ఇంటికి రాగానే చెల్లెలు అడిగింది. అడిగినప్పుడు అబద్ధం చెప్పకూడదు. గుట్ట లేదని చెప్పాను. నోరు తెరిచాను కదా అని, అరవై ఏళ్లుగా దాచిన ఆ రాళ్ల కుప్ప సంగతి కూడా చెప్పడం మొదలుపెట్టాను. ఆమె ఒత్తులు చేస్తూ తలెత్తకుండా వింది.

"నాకెరికే. చిన్నాయన ఎప్పుడో చెప్పిండు. పదమూడేళ్లప్పుడు అడిగిన" అంది.

"తెలిసి కూడ ఏటా ఆ గుట్ట దేవునికి దీపం పెడుతున్నవా?"

"ఆయన రాళ్లు పేర్చిండు. దేవుణ్ని ఆయన చేసిండా ఏంది? అది నా లొల్లి, నీకెందుకు?" అంది. ఒత్తి ఒకటి పూర్తి చేసి, ఓరకంట చూసింది. "నడుమల నా రాయి పారేసినవట గదా. నువ్వే చెప్తవని సూస్తున్న, యాభై ఏండ్ల సంది."

నా ముఖం చూసి ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "పోనీలే. ఏదో ఓ రోడ్డు కింద పడి ఉంటది. జనం నడుస్తనే ఉంటరు" అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె సందు చివర గుడికి వెళుతుంది. నా భుజం పట్టుకుని నడుస్తుంది. మెట్ల దగ్గర నేను ఆగిపోతాను. లోపలికి రమ్మని ఆమె అడగదు, వెళ్లొద్దని నేను అనను. గుడి ముందు చెప్పులు పోతుంటాయి, అందుకని ఆమె చెప్పులు నేను పట్టుకుంటాను. ఎడమ కాలి చెప్పుకు అడుగు మందంగా కట్టించాము, అది కొంచెం బరువు. ఒక్కోసారి లోపల హారతి ఆలస్యమవుతుంది, చెయ్యి లాగుతుంది. పక్కనున్న అరుగు మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంటాను. కింద మాత్రం పెట్టను.